త్రాడునకు రెండు కొనలు

ధ్యాన భాగములు: ఆదికాండము 6:19–21, సామెతలు 12:10, లూకా 14:28–30



మన సంఘములలో పశువులను ఎరుగనివారు లేరు. దుక్కిటెద్దును, పాడిగేదెను, మేకలను, కోళ్లను మన తాతముత్తాతల నాటినుండి పెంచుచున్నాము. ఎద్దు మేత ముట్టని రాత్రి ఇంటిల్లిపాదియు నిద్రలేక కూర్చుండుట మనకు తెలియును. అయితే ఈ దినములలో మన యిండ్లలోనికి మరియొక విధమైన జంతువు వచ్చుచున్నది. అది దున్నదు, పాలియ్యదు, గ్రుడ్లు పెట్టదు. ముద్దు కొరకు, పిల్లల సరదా కొరకు తేబడుచున్నది. విశాఖపట్టణములో ఓడరేవునందును, ఉక్కు కర్మాగారమునందును, నౌకాదళమునందును పనిచేయు మన బిడ్డలు పండుగకు ఊరికి వచ్చునప్పుడు కుక్కపిల్లను ఒడిలో పెట్టుకొని బస్సు దిగుచున్నారు. కొందరు పిల్లవాని పుట్టినదినమునకు దానిని కానుకగా కొనుచున్నారు.

ఇది తప్పా? తప్పు కాదు. దేవుడు చేసిన ప్రాణిని ప్రేమించుట మంచిదే. అయితే తెచ్చుకొనకముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఒక జంతువును మన యింటికి తెచ్చుకొన్న దినమునుండి మనము దానికి ఏమి ఋణపడుదుము? ఆ ఋణము తీర్చు శక్తి మనకు ఉన్నదా? ఈ నెల ఈ సంగతిని మీతో కలిసి యోచింపగోరుచున్నాను.

ఊరి కుక్కయు, ఒక్క గుమ్మపు కుక్కయు

పూర్వము మన పల్లెలలో కుక్క వీధిది. ఒకరు రాత్రి మిగిలిన అన్నము వేయుదురు, మరియొకరు గంజి పోయుదురు, కోడిని కోసిన యింటివారు ఎముకలు వేయుదురు. ఒక యింటివారు పనికై వలసపోయినను తక్కిన యిండ్లు ఉండును. దానికి యజమానుడు లేకున్నను ఊరు ఉన్నది. ఎండ కాసిన చింతచెట్టు నీడకు పోవును, దాహమైన చెరువునకు పోవును, ఎవడైన రాయి విసరిన పారిపోవును. ఆ బ్రతుకు సుఖమైనదని నేను చెప్పను. అయినను తన కాళ్లమీద అది తిరుగగలదు.

ఇప్పుడు కాలము మారినది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము కొరకు విశాఖకు దక్షిణమున అనేక గ్రామముల భూములు తీసికొనబడినవి. పెరడును, పశువులశాలయు గల కుటుంబములు కాలనీల యిరుకు వీధులకు చేరినవి. వారి పిల్లలలో అనేకులు నేడు మూడవ అంతస్తులో రెండు గదులలో కాపురముండి, భార్యాభర్తలిద్దరును ఉదయమున పనికి పోయి చీకటి పడిన పిమ్మట వచ్చుచున్నారు. ఆ గదులలోనికి తెచ్చిన కుక్కపిల్లకు ఒక్కటే గుమ్మము. ఆ గుమ్మము తెరచువారు తెరచినప్పుడే దానికి గాలి, తిండి, నీరు, విసర్జనకు చోటు. పది యిండ్ల భారము ఒక్క యింటిమీద పడినది.

మనము కుక్క మెడకు త్రాడు కట్టునప్పుడు దానినుండి కొన్నిటిని తీసికొనుచున్నాము. తన తిండి తాను వెదకుకొను శక్తి, ఎండవేళ నీడకు పోవు శక్తి, అపాయము వచ్చినప్పుడు పారిపోవు శక్తి, ఇవన్నియు తీసికొంటిమి. తీసికొన్నవాడు బదులు ఇయ్యవలెను గదా. కాబట్టి కట్టిన జంతువునకు తిండి పెట్టుట మనము చేయు దయ అనుకొనకూడదు. అది బాకీ తీర్చుట. దయ అనుకొన్నవాడు మనస్సు కలిగినప్పుడు పెట్టును, విసుగు కలిగినప్పుడు మానును. బాకీ అనుకొన్నవాడు జ్వరముతోనున్నను లేచి పెట్టును. త్రాడునకు రెండు కొనలు ఉన్నవి. ఒకటి జంతువు మెడను, ఒకటి మన చేతిని పట్టియున్నది.

ముందుగా కూర్చిన ఆహారము

నోవహు ఓడను గూర్చి మన పిల్లలందరికిని తెలియును. జంతువులు జతజతలుగా ఎక్కుట పటములలో చూచి సంతోషింతురు. అయితే ఆ అధ్యాయపు చివరనున్న యొక ఆజ్ఞను మనము త్వరగా దాటిపోవుచున్నాము. జంతువులను ఓడలోనికి చేర్చుకొనుమని చెప్పిన దేవుడు, తన కుటుంబమునకును ఆ జంతువులకును కావలసిన తిండిని కూర్చి పెట్టుకొనుమని నోవహుతో చెప్పెను. తలుపు మూయబడిన తరువాత ఆ జీవులు బయటికి పోయి మేయజాలవు. లోపల పెట్టి తలుపు మూయవలెనన్న, తిండి ముందు లోపల ఉండవలెను. అపార్టుమెంటు తలుపునకును ఇదే న్యాయము.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము శిష్యత్వమును గూర్చినది. దానిని చిన్న సంగతికి దించుచున్నానని ఎవరైన అనవచ్చును. అయితే పెద్ద సంగతులలో లెక్క చూచుకొను అలవాటు చిన్న సంగతులలోనే నేర్వబడును. సగము కట్టి విడిచిన గోడ ఎండకు ఎండి వానకు తడియును, దానికి నొప్పి లేదు. సగము పెంచి విడిచిన ప్రాణికి నొప్పి కలదు.

కాబట్టి లెక్క చూతము. కుక్క సాధారణముగా 10 మొదలుకొని 13 ఏండ్లు బ్రతుకును. పిల్లి అంతకంటె ఎక్కువ కాలము బ్రతుకవచ్చును. నేడు ఒకటవ తరగతిలోనున్న మీ బిడ్డ కళాశాలకు పోవువరకు ఆ జంతువు మీ యింటనే యుండును. తిండికి దినమునకు 20 రూపాయలు మాత్రమే అనుకొనుడి. ఏడాదికి 7,300 రూపాయలగును. 12 ఏండ్లకు 87,600. ఇందులో టీకాలు లేవు, కడుపులో పురుగులు పోవుటకు మందు లేదు, చర్మరోగము వచ్చినప్పటి ఖర్చు లేదు, పిల్లలు పుట్టకుండ చేయించు శస్త్రచికిత్స లేదు. ఆడకుక్క సుమారు 63 దినములు మోసి ఒక్క కాన్పులో అనేక పిల్లలను కనును. వాటికి ఇండ్లు చూపలేనివారు ముందుగానే శస్త్రచికిత్స చేయించుట ధర్మము. మంచుదేశములకొరకు దట్టమైన బొచ్చుతో పెంచబడిన జాతి కుక్కను మన విశాఖ ఉక్కపోతలోనికి తెచ్చినవారు చల్లదనమునకు అగు ఖర్చు కూడ లెక్కింపవలెను. లేనియెడల అది వేసవి యంతయు నాలుక వ్రేలాడవేసి రొప్పుచుండును.

రూపాయలకంటె కష్టమైన లెక్క మరియొకటి. ఆ పని ఎవరు చేయుదురు? పిల్లవాడు అడుగును, తండ్రి తెచ్చును, తల్లి మోయును. అనేక గృహములలో జరుగుచున్నది ఇదే. తెల్లవారుజామున లేచి దానిని బయట త్రిప్పుట, అశుద్ధమును తీసివేయుట, వెండ్రుకలు ఊడ్చుట, పేలు ఏరుట, ఇవన్నియు ఇప్పటికే వంటయు నీళ్లును పొలము పనియు మోయుచున్న ఒక స్త్రీమీద పడును. ఆమెను అడుగకుండ తెచ్చిన కుక్కపిల్ల ప్రేమకు గురుతు కాదు. కొన్ని చోట్ల పట్టణమునందున్న కుమారుడు నాలుగు నెలలు ముద్దుచేసి, విసుగు పుట్టగానే పల్లెలోనున్న ముసలి తలిదండ్రుల కప్పగించి పోవుచున్నాడు. మోకాళ్ల నొప్పులుగల ముసలివాడు, త్రాడు లాగుచున్న కుక్క. ఇద్దరిలో ఎవరికిని ఇది న్యాయము కాదు.

కాటు, టీకా, పొరుగువాడు

మనకు మాత్రమే గాక పొరుగువానికిని మనము బాధ్యులము. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన కట్టడ కలదు. తన ఎద్దు పొడుచునని తెలిసియు దానిని భద్రము చేయనివాని తలమీదనే దోషము నిలుచునని అచ్చట చెప్పబడెను. కరచు కుక్కను గేటు తెరచి విడుచువారు ఆ కట్టడను చదువవలెను.

రేబీస్ అను రోగము మనుష్యులకు వచ్చుట ఎక్కువగా కుక్క కాటువలననే. ప్రపంచములో ఏటేట సుమారు 59,000 మంది దీనివలన చనిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో మూడవవంతునకు పైగా మన దేశమువారే. లక్షణములు కనబడిన తరువాత ఈ రోగమునుండి బ్రతుకుట దాదాపు లేనే లేదు. అయితే ముందుగా టీకా వేసినయెడల రాకుండ ఆపవచ్చును. 1885లో లూయీ పాశ్చర్ ఫ్రాన్సు దేశములో ఒక బాలునికి మొదట ఈ టీకా వేసి బ్రతికించెను. మన పెద్దలకు బొడ్డుచుట్టు పొడిచెడి 14 సూదులు జ్ఞాపకముండును. ఆ పాత టీకా మన దేశములో 2004 తరువాత విడిచిపెట్టబడినది. ఇప్పుడు కొన్ని మోతాదులు చేతికే వేయుదురు.

కావున పిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల వేయించుచుండవలెను. ఎవరినైన కరచినను, గీరినను, పిల్లకుక్కే గదా అని విడువక, వెంటనే సబ్బుతో ధారగా పోయు నీటితో 15 నిమిషములు గాయమును కడుగవలెను. సున్నము, కారము, ఆకుపసరు పెట్టరాదు. ఆ దినమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని పెద్ద ఆసుపత్రికి గాని పోయి, చెప్పిన టీకాలన్నియు పూర్తిగా వేయించుకొనవలెను. మంత్రము వేయించి ఇంట కూర్చుండుట విశ్వాసము కాదు, ప్రాణమును పోగొట్టుకొనుట.

బీదవాని గొఱ్ఱెపిల్ల

ఇచ్చట ఒక ప్రశ్న లేచును. మనుష్యులకే కడుపునిండ తిండి లేని దేశములో జంతువును ముద్దుకొరకు పెంచుట న్యాయమా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కుక్కకు మాంసము తినిపించుచు, ఇంట పనిచేయు స్త్రీకి జీతము తగ్గించు ధనవంతుని ఎరుగుదుము. లాజరు పడియున్న వాకిట కుక్కలున్నవని లూకా 16వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ వాకిట ధనవంతునికంటె కుక్కలే లాజరు దగ్గరకు వచ్చినవి. జంతువును ప్రేమించుచు మనుష్యుని మరచినవాని ప్రేమ లెక్కకు రాదు.

అయితే ఈ ప్రశ్నను సాకుగా వాడువారు కూడ కలరు. జంతువును తెచ్చుకొని, కట్టివేసి, మనుష్యులకే లేదు, దీనికెక్కడిదని మాడ్చుదురు. ఇందులో న్యాయము లేదు. మనుష్యులకు లేదను సంగతి త్రాడు కట్టకముందు యోచింపవలసినది. కట్టకముందు మనము స్వతంత్రులము. వద్దనుకొన్న పాపమేమియు లేదు. కట్టిన తరువాత ఆ స్వాతంత్ర్యము తీరిపోయినది.

బీదలు జంతువును పెంచగూడదని నేను చెప్పుట లేదు. నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన కథలో (2 సమూయేలు 12వ అధ్యాయము) గొఱ్ఱెపిల్లను పిల్లలతోకూడ పెంచినవాడు బీదవాడే. అతడు తన పాత్రలోనిదే దానికి త్రాగనిచ్చెను, తన ముద్దలోనిదే దానికి పెట్టెను. ధనవంతునికి మందలున్నను వాటిలో ఒక్కదానిని ఎరుగడు. పెంపకమునకు కావలసినది గొప్ప ఆస్తి కాదు, తన ముద్దలో పాలు పంచు మనస్సు. ఆ ముద్దనుండి తీసినప్పుడు బిడ్డ ఫీజుకో, తల్లి మందులకో లోటు వచ్చునట్లయితే అప్పుడు తెచ్చుకొనకుండుటయే ధర్మము. అట్లు మానుకొన్నవాడు దయలేనివాడు కాడు. తన కొలత ఎరిగినవాడు.

సామెతల గ్రంథకర్త నీతిమంతుని గురుతుగా పెట్టినది ఇదే: తన యింటి పశువు ప్రాణము అతనికి పట్టును. ఆ వచనపు రెండవ భాగము మరింత గట్టిగా తాకును. దుష్టుల జాలి సైతము కఠినమైనదని దాని భావము. జాలి ఎట్లు కఠినమగును? అంగడిలో గూటిలోనున్న పిల్లను చూచి కరిగిపోయి కొనుట జాలియే. ఆరు నెలల తరువాత రాత్రివేళ బండిమీద తీసికొనిపోయి పొలిమేరలో విడుచుటకు మొదలు కూడ అదే జాలి. బాధ్యత లేని జాలి అట్లే ముగియును.

విడిచిపెట్టుట

విశాఖ బదిలీల పట్టణము. నావికులు, రైల్వేవారు, బ్యాంకువారు, కర్మాగారపు ఉద్యోగులు వచ్చుచు పోవుచుందురు. కొందరు పోవునప్పుడు సామానంతయు లారీకెక్కించి కుక్కను గేటువద్ద విడుచుదురు. కొందరు, పల్లెలో ఏదో తిని బ్రతుకునులే అని మన ఊళ్ల ప్రక్కన దింపి పోవుదురు. ఇంట పెరిగిన కుక్కకు చెత్తలో తిండి వెదకుట రాదు. మన ఊరి కుక్కలు దానిని తమ వీధిలోనికి రానియ్యవు. అది రోడ్డుమీదనే నిలిచి, వచ్చు ప్రతి బండివైపు తన యజమానుడేమోనని చూచుచుండును.

ఇది పాపమే గాక నేరము కూడ. రుక్మిణీదేవి అరండేల్‌గారు రాజ్యసభలో ఈ జీవుల పక్షమున పట్టుబట్టి మాటలాడిరి. 1960లో జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టము వచ్చెను. తగిన తిండి, నీరు, నీడ ఇయ్యకుండుటయు, ఆకలిదప్పులపాలగునట్లు విడిచిపెట్టుటయు ఆ చట్టము ప్రకారము నేరములు. అయితే మొదటి తప్పునకు అప్పుడు పెట్టిన జరిమానా ఏబది రూపాయలలోపే. ఏబది రూపాయలకు భయపడి ఎవడును మంచివాడు కాడు. అంతకంటె లోతైన భయము కావలెను.

విడిచిన కుక్కలును, వాటి పిల్లలును వీధిలో చేరుచున్నవి. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలను గూర్చి సుప్రీంకోర్టు మొదట 11వ తేదిన అన్నిటిని పట్టి ఆశ్రయములలో నుంచవలెనని ఉత్తరువిచ్చి, 22వ తేదిన దానిని మార్చెను. శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెననియు, పిచ్చిపట్టినవానిని, మీదపడు స్వభావముగలవానిని మాత్రము విడువరాదనియు చెప్పెను. దేశములోని పెద్ద న్యాయస్థానము వరకు పోయిన ఈ చిక్కులో కొంత భాగము మన గుమ్మములయొద్దనే పుట్టుచున్నది.

అపాయకాలమును గూర్చియు ముందే యోచింపవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటెను. 2020 మే 7న తెల్లవారకముందు ఆర్.ఆర్. వెంకటాపురమువద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి 12 మంది ప్రాణములు పోయినవి. పశువులును, పక్షులును, కుక్కలును చచ్చినవి. ఆ చీకటిలో బిడ్డలను ఎత్తుకొని పరుగెత్తినవారిని ఎవరును తప్పుపట్టజాలరు. అయితే కట్టిన జంతువునకు పారిపోవు దారి లేదను సంగతి మనకు మిగులుచున్నది. తుపాను హెచ్చరిక రాగానే కట్లు విప్పుట, వెంట తీసికొనిపోగలవానిని తీసికొనిపోవుట, ఎవరు విప్పుదురో ముందే ఇంటిలో చెప్పుకొనుట, ఇవియు పెంపకములో భాగమే.

తెచ్చుకొనకయు ప్రేమింపవచ్చును

లెక్క చూచుకొని, మనవల్ల కాదనుకొన్నవారు చేయగల మేలు చాల కలదు. వాకిట నీళ్లతొట్టి పెట్టవచ్చును. మీ వీధి కుక్కకు టీకా వేయించుటకు నలుగురు కలిసి పశువుల ఆసుపత్రివారిని అడుగవచ్చును. పొరుగువారు ఊరికి పోయినప్పుడు వారి జంతువును చూచుకొనవచ్చును. చేయగలమనుకొన్నవారు అంగడిలో కొనుటకంటె, దిక్కులేని దానికి ఇల్లు చూపుట మేలు. విశాఖలో 1996 నుండి మూగజీవుల సంరక్షణ సంఘమొకటి పనిచేయుచున్నది. అట్టివారియొద్ద ఇల్లులేని కుక్కలు, పిల్లులు ఉండును. రెండు నెలలు నిండని పిల్లను తల్లినుండి విడదీయరాదు. రామచిలుకను మాత్రము ఎవరును తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట, అమ్ముట, పంజరములో నుంచుట నేరము. పంజరమునకు త్రాడు లేకున్నను, రెక్కలున్న దానికి అది త్రాడుకంటె కఠినము.

ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనయైన తరువాత, పెంచవలెనని ఆశపడుచున్న గృహములవారు కలిసి కూర్చుండి ఈ ప్రశ్నలు అడుగుకొనుడి. ఉదయమున దీనిని ఎవరు చూచుదురు? ఆ పేరుగలవారు మనస్ఫూర్తిగా ఒప్పుకొనిరా? మనము వారము దినములు ఊరికి పోయిన ఎవరు తిండి పెట్టుదురు? బదిలీ అయిన వెంట తీసికొనిపోదుమా? రోగము వచ్చిన ఎంతవరకు ఖర్చుపెట్టగలము? ముసలిదై, కండ్లు కనబడక, ఇంటిలోనే తడుపుచున్నప్పుడు కూడ మనదే అందుమా?

ఈ ప్రశ్నలకు బిడ్డలయెదుటనే జవాబు చెప్పుడి. చేయగలమని తేలినయెడల సంతోషముతో తెచ్చుకొనుడి. ఆ జంతువు కండ్లలోని నమ్మిక మీ యింటికి ఆశీర్వాదమగును. మీ బిడ్డలు దానివలన ఓర్పు నేర్చుకొందురు. చేయలేమని తేలినయెడల, ఏడ్చుచున్న బిడ్డను దగ్గరకు తీసికొని వద్దని చెప్పుడి. వద్దనుటకు కారణము కూడ చెప్పుడి. ఒక ప్రాణికి మాట ఇచ్చి తప్పుటకంటె ఇయ్యకుండుట మేలని ఆ సాయంకాలము నేర్చుకొన్న బిడ్డ, పెద్దవాడై మనుష్యులకు మాట ఇచ్చునప్పుడును ఆలోచించి ఇచ్చును.